వేరు పెరుగుదల: వెలుతురు, రసాయనములు

విద్యార్థులారా! మొక్కను చూచునపుడు మన కన్ను ఆకుపైనను పూవుపైనను నిలుచును గాని, నేలలోని వేరును తలపము. వేరు చెడినచో పైరే లేదు. కావున వేరును పెంచునవి యేవో, అణచునవి యేవో తెలిసికొందము.

విత్తు మొలకెత్తగానే తల్లివేరు క్రిందికి దిగును. దాని ప్రక్కల పిల్లవేళ్లు పుట్టును. వేరు కొనయే దారి నెరుగునని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రకటించిన గ్రంథమున ప్రయోగములతో చూపిరి. 1928లో హాలెండు శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ వెంట్, ఓట్స్ ధాన్యపు మొలక కొననుండి పెరుగుదలను కలిగించు ద్రవ్యమొకటి దిగుచున్నదని నిరూపించెను. అదియే ఆక్సిన్.

దీని పని విచిత్రము. మొలకను అడ్డముగా పరుండబెట్టినచో ఆక్సిన్ క్రిందివైపున చేరును. కాండమున ఆ వైపు త్వరగా పెరుగుటచే కాండము పైకి వంగును. వేరునందో, అదే ద్రవ్యము ఆ వైపు పెరుగుదలను అణచును. పైవైపు ఎక్కువగా సాగి వేరు క్రిందికి వంగును. కాండమునకు మేలుచేయు మోతాదు వేరునకు మితిమీరినదన్నమాట.

తోటలలో కొమ్మముక్కలను ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లము కలిపిన పొడిలో అద్ది నాటుదురు. క్రొత్తవేళ్లు త్వరగా పుట్టును. పొడి మించినచో కొమ్మ మొదలే చెడును.

ఇక వెలుతురు. ఆకులు ఎండలో చేసిన చక్కెరయే వేరునకు ఆహారము. అయినను వెలుతురు సూటిగా సోకుట అనేక వేళ్లకు సరిపడదు. తెల్ల ఆవ మొలకకు ఒకవైపునుండియే వెలుతురు తగిలినచో కాండము దానివైపునకు, వేరు దానికి ఎడముగా వంగును.

మనమును పరీక్షింతము. మూడు గాజు గ్లాసుల లోపల అద్దుడు కాగితము చుట్టి, గాజునకు కాగితమునకు నడుమ ఆవగింజల నుంచి, అడుగున కొంచెము నీరు పోయవలెను. మొదటిదానిని నల్లకాగితముతో కప్పవలెను. రెండవదానిని కిటికీ ప్రక్కన నుంచవలెను. మూడవదానిని కూడ నల్లకాగితముతో కప్పి, దాని నీటిలో మాత్రము చెంచాడు యూరియా కలుపవలెను. అయిదు దినములు వేళ్ల పొడవును కొలిచి వ్రాసికొనుడు. మొదటిదానితో మూడవదానిని పోల్చినచో ఎరువు మించిన ఫలితము కన్నులార కనబడును.

ఎరువు ఘాటైనచో వేరు నీటిని పీల్చలేదు, లేతవేరు మాడును. కావుననే యూరియాను మొదలునకు తగులనీయక, కొంచెము దూరమున, తగుమాత్రముగా వేయవలెను. తల్లిదండ్రులకు ఆ గ్లాసులను చూపి, మన తెలుగు మాటలలోనే కారణము చెప్పుడు. తల్లివేరు, పిల్లవేరు అను మాటలు వారికి పొలమున పరిచితములే. పాఠము వెంటనే పట్టువడును.