చిప్పు కాలికి కాపలా

పిల్లలూ! సైన్స్ ఫెయిర్ కోసం మీలో కొందరు ఆర్డుయినో ఊనో ఆర్3 బోర్డు వాడి ఉంటారు. దాని మీద ఉండే మైక్రోకంట్రోలరు ఒక బుల్లి కంప్యూటరు. బటన్ నొక్కారా, తలుపు తెరిచారా అన్న కబురు దానికి పిన్నుల ద్వారా, వోల్టేజి రూపంలో అందుతుంది. ఆ వోల్టేజి మోతాదు మించితే పిన్ను కాలిపోతుంది. ఒక్కోసారి చిప్పు మొత్తం పోతుంది. ఎన్నో వారాలు కష్టపడి చేసిన ప్రాజెక్టు ఒక్క క్షణంలో మూగబోతుంది!

ఎంతవరకు తట్టుకుంటుంది?

ఊనో 5 వోల్టుల మీద నడుస్తుంది. దాని పిన్ను మీద 5.5 వోల్టులు దాటకూడదు. సున్నా కంటే 0.5 వోల్టుకు మించి కిందికి దిగకూడదు. మరి 12 వోల్టుల కారు బ్యాటరీ తీగను నేరుగా తగిలిస్తే? చలికాలంలో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఆ నిప్పురవ్వలో కొన్ని వేల వోల్టులు ఉంటాయి. అందుకే బోర్డును పట్టుకునే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకండి.

చెరువు – అలుగు

మన ఊళ్ళలో చెరువు నిండితే, ఎక్కువైన నీరు అలుగు మీదుగా పొర్లిపోతుంది. అలుగు లేకపోతే కట్ట తెగుతుంది. ఊనో చిప్పులోనూ మామూలు ఇన్‌పుట్ పిన్నుకు రెండు అలుగులు ఉంటాయి. వాటినే డయోడ్లు అంటారు. పిన్ను మీద వోల్టేజి 5 దాటి పెరిగితే మొదటిది ఆ కరెంటును 5 వోల్టుల తీగలోకి మళ్ళిస్తుంది. సున్నా కిందికి దిగితే రెండోది గ్రౌండు వైపు దారి ఇస్తుంది.

అయితే ఇవి చిన్న అలుగులు, పెద్ద వరదకు ఆగవు. వీటి గుండా 1 మిల్లీయాంపు కంటే ఎక్కువ కరెంటు పోనివ్వవద్దని ఆ చిప్పును రూపొందించిన ఏట్మెల్ సంస్థ సూచించింది.

వరదను తగ్గించే రెసిస్టరు

పిన్నుకు ముందు 10,000 ఓముల రెసిస్టరు పెట్టండి. పొరపాటున 12 వోల్టులు తగిలినా లెక్క ఇలా ఉంటుంది:

12 – 5.5 = 6.5 వోల్టులు
6.5 ÷ 10,000 = 0.00065 యాంపు, అంటే 0.65 మిల్లీయాంపు

పిన్ను బతికింది! కొన్ని సెంట్ల రెసిస్టరు మొత్తం బోర్డును కాపాడింది.

ఎప్పుడూ 12 వోల్టులే వచ్చే చోట రెండు రెసిస్టర్లు వాడాలి. బ్యాటరీ నుంచి పిన్నుకు 20,000 ఓములది, పిన్ను నుంచి గ్రౌండుకు 10,000 ఓములది కలపండి. బ్యాటరీ నెగటివ్ తీగను కూడా గ్రౌండుకు కలపాలి. అప్పుడు పిన్నుకు మూడో వంతు, అంటే 4 వోల్టులే చేరతాయి. ఇంజను నడుస్తూ 14.4 వోల్టులు వచ్చినా పిన్నుకు చేరేది 4.8 మాత్రమే.

జాగ్రత్త!

గోడ ప్లగ్గులో 120 లేక 230 వోల్టులు ఉంటాయి. ఈ పద్ధతులు దానికి పనికిరావు. అక్కడ పోయేది చిప్పు కాదు, ప్రాణం. దాని జోలికి వెళ్ళకండి.

కొత్త మాటలు

అలుగు: చెరువులో ఎక్కువైన నీరు బయటికి పోయే చోటు
కట్ట: నీటిని ఆపే మట్టి గోడ
మోతాదు: తగినంత కొలత

అభ్యాసం

1. రాస్ప్‌బెర్రీ పై పికో 3.3 వోల్టుల బోర్డు. మీ సెన్సరు 5 వోల్టులు ఇస్తుంది. మీ దగ్గర 1,000, 2,000 ఓముల రెసిస్టర్లు ఉన్నాయి. గ్రౌండు వైపు ఏది పెట్టాలి? (జవాబు: 2,000 ఓములది. పిన్నుకు సుమారు 3.3 వోల్టులు చేరతాయి.)

2. అలుగు ఎలా పనిచేస్తుందో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. డయోడు ఎలా పనిచేస్తుందో మీరు వాళ్ళకు తెలుగులో చెప్పండి.