మాల ధరించి బడికి పోవచ్చునా?

ప్రశ్న: శ్రీకాకుళము జిల్లాలో ప్రభుత్వోపాధ్యాయుఁడను. దీక్షామాల ధరించి తరగతికి పోవచ్చునా? ఆయుధపూజకు చందా ఇయ్యని సహోద్యోగిది తప్పు కాదా?

జవాబు: శాఖవారు ప్రత్యేకముగా వేషనియమము విధింపనిచో నిస్సంకోచముగాఁ బోవచ్చును. అంతఃకరణ స్వాతంత్ర్యమును, మతమును అవలంబించి ఆచరించి ప్రచారము చేసికొను హక్కును రాజ్యాంగపు 25వ అధికరణము శాంతికిని, నీతికిని, ఆరోగ్యమునకును లోఁబడి యెల్లరకును సమముగా నొసఁగినది. అయితే పూర్తిగా ప్రభుత్వధనముచే నడచు విద్యాలయములలో మతబోధ కూడదని 28వ అధికరణము శాసించుచున్నది గనుక, మెడలోని మాల మీదే యైనను, బాలురచేఁ బలికించు శరణుఘోష మాత్రము మీ యధికారములోనిది కాదు. దీక్షాదినములలో పాఠము కుంటుపడినచో ఏ నియమనిష్ఠయు దానిని పూరింపఁజాలదు.

ఉద్యోగమును అంతరాత్మను పొసఁగించుకొనుటకు మీ సీమలోనే యొక నిదర్శనము గలదు. శ్రీముఖలింగము చెంతఁ బర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో మీవలెనే ఉపాధ్యాయవృత్తి నవలంబించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను శ్రమించి నేర్చి, వారి బిడ్డలకు వారి నుడిలోనే వాచకములు రచించి, బడులు నడపిరి. (వ్యావహారికవాదియగు నాయనను ఈ గ్రాంథికముతో స్మరించుట చూచిన ఆయన నవ్వునేమో!) ఉద్యోగధర్మమును అంతరాత్మను ఆయన వేఱుచేసి చూచినట్లు కానరాదు.

ఇఁక చందా మాట. విజయనగరమున పైడితల్లమ్మ సిరిమానోత్సవమునకుఁ గూడు జనసమూహములో హాజరుపట్టీకి వెఱచి వచ్చినవాఁ డెవఁడు? ఆయుధపూజకు మాత్రము పేర్ల పట్టిక యేల? ఇచ్చినవారి పేర్లు గోడకెక్కించు పద్ధతిని మానుఁడు. చందా ఇయ్యని యా మిత్రుని ప్రసాదమునకుఁ బిలువుఁడు; పుచ్చుకొనుటయు మానుటయు ఆయన యిష్టము.