తుఫాను వెళ్ళాక ఇంటి కప్పుని చదవడం

మన మ్యాగజైన్‌లో వాన మీద కవిత లేని సంచిక నేనింతవరకూ చూడలేదు. వాన తర్వాత కప్పు సంగతి మాత్రం ఎవరూ రాసినట్టు లేరు, అందుకే ఈ వ్యాసం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మనం ప్రైమరీ స్కూల్లో ఉన్నాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస వైపు వచ్చేసరికి హైస్కూలు. అప్పుడు మనకి అవి సెలవులు, అంతే. ఇప్పుడు అలా కాదు కదా. ఇంట్లో కరెంటు బిల్లు నుంచి బ్యాంకు కేవైసీ దాకా ఫోన్లో చేసిపెట్టేది మనమే. రేపు ఇంటి బీమా క్లెయిం వస్తే అదీ మన చేతికే వస్తుంది.

క్లెయిం మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ నష్టం ఈ తుఫాను వల్ల జరిగిందా, లేక ముందునుంచీ ఉన్నదా? గాలివాన చేసిన నష్టానికి పాలసీ డబ్బు ఇస్తుంది. ఏళ్ళ తరబడి జరిగిన అరుగుదలకి, పట్టించుకోకుండా వదిలేసిన లీకులకి ఇవ్వదు. కప్పు మీద ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. వాటిని విడదీసి చూడటం వస్తే సగం పని అయినట్టే.

ముందు గాలి ఏం చేస్తుందో చూద్దాం. గాలి కప్పుని కిందికి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి ఎక్కువగా పైకి లాగుతుంది. ఫస్టియర్ ఫిజిక్స్‌లో బెర్నౌలీ అని బట్టీ పట్టింది ఇదే. కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దగ్గర పీడనం తగ్గుతుంది, లోపల ఇంట్లో ఉన్న గాలి కప్పుని పైకి తోస్తుంది. ఈ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, కొప్పు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. గాలి వచ్చే వైపు కిటికీ పగిలిందా, లోపలి పీడనం ఇంకా పెరుగుతుంది. అందుకే కప్పు పోయిన చాలా ఇళ్ళలో ముందు తలుపో కిటికీయో పోయి ఉంటుంది. ఇంకో సంగతి: తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే కాసేపు గాలి ఆగి, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. కాబట్టి ఇంటికి ఒక పక్కనే చూసి సరిపెట్టుకోకూడదు.

సిమెంటు రేకుల ఇల్లయితే జే హుక్కుల దగ్గర మొదలుపెట్టండి. రేకు పైకి లేవబోయి మళ్ళీ కూర్చుంటే హుక్కు కన్నం నుంచి వెంట్రుకంత పగులు బయల్దేరుతుంది. కింద నుంచి చూస్తే రేకు బాగానే ఉన్నట్టుంటుంది, వచ్చే వానకి కారుతుంది. పగులు అంచు తెల్లగా, శుభ్రంగా ఉంటే కొత్తది. లోపల మట్టి, నాచు పట్టి నల్లబడి ఉంటే పాతది. దయచేసి రేకుల మీదికి మాత్రం ఎక్కకండి. సిమెంటు రేకు మనిషి బరువుకి హెచ్చరించకుండా విరుగుతుంది. పక్కింటి డాబా మీద నుంచి జూమ్ చేసి తీసుకోవచ్చు. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ముక్కలు ఏరేటప్పుడు తడిపి, మాస్కు పెట్టుకుని ఏరడం మంచిది.

పెంకుటిల్లు కొంచెం నయం, పోయిన పెంకు పోయినట్టు కనిపిస్తుంది. కష్టమల్లా జరిగిన పెంకులతోనే. గాలికి కాస్త కదిలి సందు ఇస్తాయి, నీళ్ళు వాసాల్లోకి దిగుతాయి. పగలు అటక ఎక్కి దీపం ఆర్పేసి చూస్తే వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడే సందు. వాసం మీద తడి కొత్తదైతే కర్ర రంగు మారి ఉంటుంది కానీ గట్టిగానే ఉంటుంది. గోరు గుచ్చితే దిగిపోతే అది ఈ ఏడాది సంగతి కాదు.

అసలు గొడవ స్లాబు ఇళ్ళతో. “మాది డాబా, మాకేం కాదు” అంటారు. గాలి స్లాబుని ఏమీ చేయలేకపోవచ్చు, దాని మీద ఉన్నవాటిని వదలదు. పిట్టగోడ కూలుతుంది, నీళ్ళ ట్యాంకు దొర్లుతుంది, సోలార్ హీటర్ ఊడి పక్కింట్లో పడుతుంది. కొట్టుకొచ్చిన ఆకులు డాబా గొట్టంలో అడ్డుపడి నీళ్ళు నిలుస్తాయి. అప్పుడు హాల్లో సీలింగు మీద మరక వస్తుంది. ఆ మరకని చదవాలి. ఒకే తడి మచ్చ, ముట్టుకుంటే చెమ్మ, సున్నం ఇంకా పొంగలేదు అంటే కొత్తది. ఒక వలయంలో ఇంకో వలయం, అంచు గోధుమరంగు, మధ్యలో తెల్లటి ఉప్పు పొడి, బూజు నలుపు, ఊడిన పెచ్చుల కింద తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తే అది చాలా వానలు చూసిన మరక. ఒక్క తుఫానులో ఇనుముకి అంత తుప్పు పట్టదు. ఈ సంగతి సర్వేయర్‌కి మనకంటే బాగా తెలుసు.

మా మావయ్య వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. తిత్లీకి పిట్టగోడ ఒక పక్క కూలి, వంటింటి రేకులు నాలుగు ఎగిరిపోయాయి. సర్వేయర్ వచ్చి హాల్లో మరక చూసి, “ఇది ఈ తుఫానుది కాదు కదండీ” అన్నాడట. “కాదండీ, అది పాతదే. నేను రాసిన లిస్టులో అది లేదు, చూడండి” అన్నాడు మావయ్య. ఆ తర్వాత మిగతా లిస్టు మీద పెద్దగా వాదన జరగలేదు. ఎలాగూ వస్తున్నాడు కదా అని పాత చెమ్మని కూడా కలిపేసే వాళ్ళుంటారు. అది ప్రమాదం. తెలిసి అబద్ధం రాస్తే నిజమైన నష్టానికి కూడా డబ్బు ఆపేసే షరతు పాలసీల్లో ఉంటుంది.

సీఎస్ఈ వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే ఇదంతా గిట్ డిఫ్. తుఫాను తర్వాతి ఫొటో ఒక్కటే ఉంటే ఏం మారిందో ఎవరికీ తెలీదు, పాత కమిట్ కావాలి. దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు కప్పుని నాలుగు వైపుల నుంచి, ప్రతి గదిలో సీలింగుని, పిట్టగోడని, ట్యాంకుని ఫొటోలు తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలోని తేదీ వివరాలు పోతాయి. మెయిల్‌లో అటాచ్ చేస్తే ఉంటాయి, మెయిల్‌కి ఎలాగూ దాని తేదీ ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలోనే కాబట్టి దసరా సరైన సమయం. తెలంగాణ వాళ్ళు మార్చిలోనే తీసుకోవాలి, అక్కడ రేకులు లేపేది ఎండాకాలపు ఈదురుగాలులు. పైగా పేరున్న తుఫాను వచ్చిందని ఎవరూ రుజువు చేయక్కర్లేదు. ఒక్క మండలంలో అరగంట కొట్టిన గాలివానకి మాత్రం మరుసటి రోజు పేపర్ జిల్లా పేజీ దాచుకోవడం అవసరం.

ఇప్పుడు పాలసీ. చాలా ఇళ్ళకి బీమా ఉండి కూడా ఉన్నట్టు ఇంట్లో తెలీదు, ఎందుకంటే అది హోమ్ లోన్‌తో పాటు వచ్చింది. ఆ ఫైలు తీసి చూడండి. అయితే లోన్‌తో ఇచ్చేది కొన్నిసార్లు ఇంటి బీమా కాదు, లోన్ తీసుకున్న మనిషి చనిపోతే అప్పు తీర్చే జీవిత బీమా. రెండూ వేరు. ఇంటి బీమాయే అయితే, లోన్ ఇంకా ఉన్నప్పుడు క్లెయిం డబ్బులో బ్యాంకుకి హక్కు ఉంటుంది కాబట్టి బ్యాంకుకీ చెప్పాలి.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్ళకి భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీ అమల్లో ఉంది. అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద కూడా అందులోనే ఉంటాయి. బీమా మొత్తం లెక్క సులువు: ఇంటి కార్పెట్ ఏరియాని చదరపు అడుగుకి అయ్యే కట్టుబడి ఖర్చుతో గుణించాలి. 900 చదరపు అడుగులు, అడుగుకి 2000 రూపాయలు అనుకుంటే 18 లక్షలు. స్థలం ధర ఇందులో రాదు, తుఫాను స్థలాన్ని పట్టుకుపోదు కదా. ఇంట్లో సామానుకి ఆ మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, దానంతటదే కలుస్తుంది. ఈ పాలసీలో ఇంకో మేలుంది. పాత పద్ధతిలో 20 లక్షల ఇంటికి 10 లక్షలకే బీమా చేస్తే, 2 లక్షల నష్టానికి 1 లక్షే ఇచ్చేవాళ్ళు. తక్కువకి బీమా చేశారని అలా కోసే పద్ధతి ఇందులో లేదు. తాటాకు ఇళ్ళని మాత్రం కంపెనీలు కచ్చా కట్టడాలుగా వేరే లెక్కేస్తాయి, తీసుకునేటప్పుడే ఇల్లు ఎలాంటిదో చెప్పాలి.

గాలి తగ్గాక వరస ఇది: ముందు ఫొటోలు, తర్వాత కంపెనీకి ఫోన్ చేసి క్లెయిం నంబర్, ఆ తర్వాతే మేస్త్రీ. టార్పాలిన్ కప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం మన బాధ్యతే, ఆ బిల్లు దాచండి. విరిగిన రేకులు, పెంకులు సర్వేయర్ చూసేదాకా పారేయొద్దు. మేస్త్రీ దగ్గర “మొత్తం లక్షన్నర” అని కాకుండా రేకులు ఎన్ని, హుక్కులు ఎన్ని, కూలీ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. సర్వేయర్ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు పక్కనే ఉండి అన్నీ చూపించాలి.

వీఆర్వో వచ్చి రాసుకెళ్ళాడు కదా, ఇంకా బీమా ఎందుకంటారు కొందరు. అది వేరే లెక్క. 2022-26 విపత్తు సాయం నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1.2 లక్షలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, అదీ కనీసం 15 శాతం నష్టం ఉంటేనే. నాలుగు రేకులు, ఒక పిట్టగోడ ఆ లెక్కలోకి రావడమే కష్టం. ఎన్యూమరేషన్‌లో పేరు రాయించుకోండి, బీమా క్లెయిం కూడా వేయండి.

కంపెనీ కాదంటే, లేదా బాగా తగ్గించి ఇస్తే, ఎందుకో రాతపూర్వకంగా అడగాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కీ తెలంగాణకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్ళాలి. ఆ ఫిర్యాదుకి జత చేయాల్సినవి పాలసీ కాపీ, కంపెనీ ఉత్తరం, మేస్త్రీ అంచనా, ఇంకా దసరాకి తీసిన ఆ ఫొటోలు.