కనీస మొత్తం కడితే బాకీ తీరదు

ప్రశ్న: నక్కపల్లి ఫార్మా కంపెనీలో నా ఉద్యోగం పోయింది. క్రెడిట్ కార్డు బిల్లులో కనీస మొత్తం కడుతూ పోతే చాలా?

జవాబు: చాలదండి. దాంతో ఆలస్య రుసుము తప్పుతుందే కానీ, చాలా కార్డుల్లో మిగతా బాకీపై నెలకు సుమారు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీ పడుతూనే ఉంటుంది. అందుకే కార్డు వాడకం వెంటనే ఆపండి. ఉద్యోగం పోయిన రుజువు జతచేసి, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని బ్యాంకుకు రాతపూర్వకంగా అడగండి. తిండికీ మందులకూ పోను మిగిలేంత వాయిదాకే ఒప్పుకోండి. ఇలా మార్చుకుంటే సిబిల్ స్కోరు తగ్గవచ్చన్న భయం నిజమే. కానీ క్రమంగా కడితే స్కోరు కోలుకుంటుంది, తీర్చని బాకీపై వడ్డీ మాత్రం ఆగదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయరాదని రిజర్వ్ బ్యాంక్ 2022లో ఆదేశించింది. వేధిస్తే బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.