రుణ ప్రయోజనం - లిఖిత సాక్ష్యం

పాఠ్యభాగ ఉద్దేశం: అప్పు ఎందుకు తీసుకొన్నారో పత్రంలో స్పష్టంగా నమోదు చేయడం వల్ల రుణగ్రహీతకు, బ్యాంకుకు, సమాజానికి కలిగే రక్షణను విద్యార్థులకు తెలియజేయడం.

తెలుగునాట పల్లెల్లో తరతరాలుగా రాసుకొంటున్న ప్రామిసరీ నోట్లలో ‘కుటుంబ ఖర్చుల నిమిత్తం’, ‘వ్యవసాయ ఖర్చుల నిమిత్తం’ అనే మాటలు తరచుగా కనిపిస్తాయి. అసలెంతో, వడ్డీ ఎంతో రాస్తే చాలదా? అప్పు దేనికోసమో రాయవలసిన అవసరమేమిటి?

దీనికి సమాధానం హిందూ న్యాయసంప్రదాయంలో ఉంది. ఉమ్మడి ఆస్తిని కుటుంబ యజమాని తన ఇష్టానుసారం తాకట్టు పెట్టడానికి వీలులేదు. కుటుంబావసరమో, కుటుంబ శ్రేయస్సో కారణమై ఉండాలి. 1856లో ప్రివీ కౌన్సిల్ హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యంలో ఒక ముఖ్యమైన సూత్రాన్ని నిర్ధారించింది. అప్పు ఇచ్చేవాడు అవసరం నిజమో కాదో చిత్తశుద్ధితో విచారించాలి. అలా విచారించిన తరువాత ఆ సొమ్ము ఎలా ఖర్చయిందో చూసే బాధ్యత అతనిపై ఉండదు.

ఆధునిక బ్యాంకు బాధ్యత ఇంతటితో ముగియదు. బ్యాంకు అప్పుగా ఇచ్చే సొమ్ము ప్రజల డిపాజిట్లనుండి వచ్చింది. కనుక అవసరాన్ని విచారించడంతోపాటు వినియోగాన్ని కూడా పరిశీలించవలసి ఉంటుంది. 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులు జాతీయమయిన తరువాత వ్యవసాయం, చిన్న పరిశ్రమలవంటి రంగాలకు రుణవితరణలో ప్రాధాన్యం పెరిగింది. వాణిజ్య బ్యాంకులు తమ రుణాలలో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, అందులో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలన్నది రిజర్వుబ్యాంకు నిర్దేశించిన లక్ష్యం. ఏ రుణం ఏ రంగానికి చెందుతుందో తేల్చేది దాని ప్రయోజనమే.

ఒక ఉదాహరణ: ముగ్గురు వ్యక్తులు ఒకే బరువుగల బంగారాన్ని కుదువపెట్టి లక్ష రూపాయల చొప్పున అప్పు తీసుకొన్నారనుకొందాం. ఒకరు విత్తనాలు, ఎరువులు కొంటారు. మరొకరు కుమార్తె వివాహం జరిపిస్తారు. వేరొకరు దుకాణానికి సరుకు తెస్తారు. తాకట్టు ఒకటే అయినా ఇవి మూడు వేర్వేరు రుణాలు. వడ్డీ రేటు, చెల్లింపు గడువు, ప్రభుత్వ రాయితీ అన్నీ ప్రయోజనాన్ని అనుసరించి మారవచ్చు. పంట రుణానికి కోతల కాలాన్ని బట్టి గడువు నిర్ణయిస్తారు. పెళ్లి ఖర్చుకు ఆ లెక్క వర్తించదు.

ప్రయోజనం నమోదు చేయడమంటే దరఖాస్తులో ఒక మాట రాయడం మాత్రమే కాదు. ‘వ్యక్తిగత అవసరాలు’ అన్న మాట ఏమీ చెప్పదు. ‘రెండెకరాలలో వరి సాగుకు’ అన్న మాట పరిశీలనకు నిలుస్తుంది. ఆ మాటకు పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణి ఆధారాలవుతాయి. యంత్రం కొనేవారు ధరల పట్టికను, చదువుకు అప్పు కోరేవారు ప్రవేశపత్రాన్ని, ఫీజుల వివరాన్ని జతచేస్తారు. వీలైనచోట సొమ్మును విక్రేతకో, కళాశాలకో నేరుగా చెల్లిస్తారు. ఆపైన రసీదులను, తనిఖీకి వెళ్లిన అధికారి చూసిన విషయాన్ని తేదీతో సహా దస్త్రంలో చేరుస్తారు.

ఈ కాగితాల విలువ 2008లో దేశమంతటికీ తెలిసివచ్చింది. ఆ సంవత్సరం కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ రుణమాఫీ పథకాన్ని ప్రకటించింది. నిర్ణీత తేదీలకు లోబడి, రెండు హెక్టార్లవరకు భూమిగల రైతుల బకాయి పంట రుణాలు పూర్తిగా మాఫీ అయ్యాయి. అంతకు మించిన భూమిగలవారికి షరతులపై 25 శాతం రాయితీ లభించింది. అప్పు తెచ్చి పొలంలోనే పెట్టినా, ఖాతాలో అది వ్యక్తిగత రుణంగా నమోదై ఉంటే రైతు చేతిలో ఆధారం ఉండదు. 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పార్లమెంటుకు సమర్పించిన నివేదిక ఈ లోపాన్ని బయటపెట్టింది. అర్హులైన కొందరు రైతులు జాబితాకెక్కలేదు. వ్యవసాయేతర రుణాలు తీసుకొన్న కొందరికి లబ్ధి చేకూరింది. కొన్నిచోట్ల దస్త్రాలలో దిద్దుబాట్లు సైతం కనిపించాయి.

కాబట్టి తప్పుడు ప్రయోజనం చూపడం చిన్న విషయం కాదు. ఒక పనికని తెచ్చిన సొమ్మును మరొక పనికి మళ్లించి బకాయిపడడం ఉద్దేశపూర్వక ఎగవేతకు ఒక లక్షణంగా రిజర్వుబ్యాంకు నిబంధనలు పరిగణిస్తాయి. ఖాళీ దరఖాస్తుపై సంతకం చేసేవారు తమ తరఫున మరొకరు మాట్లాడడానికి అనుమతిస్తున్నట్లే. ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న సామెత వ్యర్థవ్యయాన్ని హెచ్చరించింది. అప్పు ఎందుకో నిజాయితీగా రాసి, రాసినట్లే వాడి, ఆ పత్రపు నకలును దాచుకొన్నవారికి కష్టకాలంలో ఆ ఒక్క వాక్యమే సాక్షిగా నిలుస్తుంది.

కఠిన పదాలు - అర్థాలు
నిమిత్తం = కొరకు, కారణం
వ్యాజ్యం = దావా
చిత్తశుద్ధి = నిష్కపటమైన మనస్సు
కుదువ = తాకట్టు
లబ్ధి = ప్రయోజనం, లాభం

ప్రశ్నలు
1. 1856 నాటి తీర్పుకు, నేటి బ్యాంకు బాధ్యతకు గల భేదాన్ని వివరించండి.
2. రుణ ప్రయోజనాన్ని నిరూపించే ఆధారాలను పేర్కొనండి.
3. 2008 రుణమాఫీ పథకం ఆధారంగా లిఖిత సాక్ష్యపు ప్రాముఖ్యాన్ని చర్చించండి.