కనబడని నైపుణ్యానికి కనబడే పూచీ

ఫ్రీలాన్సింగ్‌లోకి కొత్తగా దిగినవాళ్లు మొదట అడిగేది ఒకటే: క్లయింట్లు ఎక్కడ దొరుకుతారు? దీనికి సలహాల కొదవ లేదు. లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ దిద్దుకోమంటారు, అప్‌వర్క్‌లోనో ఫైవర్‌లోనో చేరమంటారు, చేసిన పనుల నమూనాలు ఒకచోట పెట్టుకోమంటారు, రోజూ కొందరికి మెయిళ్లు పంపమంటారు. ఇందులో ఏదీ తప్పు కాదు. కానీ ఇవన్నీ ఓపిగ్గా చేసి కూడా, ఏడాది తిరిగేసరికి మళ్లీ మళ్లీ పని ఇచ్చే క్లయింటు ఒక్కరూ మిగలనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు పని రాదా అంటే అదీ కాదు. వాళ్లలో మంచి డిజైనర్లున్నారు, మంచి వీడియో ఎడిటర్లున్నారు, మంచి అనువాదకులున్నారు. పని బాగా చేయడం ఒక సంగతి, బాగా చేస్తారని ఎదుటి మనిషికి తెలియడం మరో సంగతి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించే బాధ్యత క్లయింటుది కాదు, మనది. క్లయింటును సంపాదించుకోవడం, నిలబెట్టుకోవడం వేరు వేరు విద్యలన్నట్టు చెబుతుంటారు గానీ, నా దృష్టిలో రెండూ ఈ ఒక్క దూరానికి సంబంధించినవే.

తెలుగు అనువాదకుల పని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. యాప్‌లు, ఫోన్ మెనూలు, బీమా పత్రాలు, సబ్‌టైటిళ్లు తెలుగులోకి తెచ్చే పనిలో పెద్ద భాగం ఫ్రీలాన్సర్ల చేతుల మీదుగానే నడుస్తుంది. పని ఇచ్చే మనిషి బెంగళూరులోనో గురుగ్రామ్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉంటాడు. చాలాసార్లు అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు. అంటే డబ్బిచ్చి తీసుకున్న పని మంచిదో కాదో, తీసుకున్న తర్వాత కూడా అతను స్వయంగా తేల్చుకోలేడు. 1970లో అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ పాత కార్ల బజారు మీద రాసిన వ్యాసంలో ఈ చిక్కునే పట్టుకున్నాడు. అమ్మేవాడికి కారు లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు. ఏది మంచిదో తెలియక కొనేవాడు అన్నిటికీ ఒక నడిమి ధరే ఇస్తానంటాడు. ఆ ధర గిట్టక మంచి కారున్నవాడు బజారు నుంచి తప్పుకుంటాడు, నాసిరకానివే మిగులుతాయి. ఇలాంటి బజార్ల మీద చేసిన కృషికే 2001లో మరిద్దరితో కలిసి ఆయన నోబెల్ అందుకున్నాడు. బిడ్లు వేసి పని దక్కించుకునే వెబ్‌సైట్లలో పదానికి ఇన్ని పైసలంటూ రేట్లు దిగజారడం వెనక క్లయింట్ల పిసినారితనం ఒక్కటే ఉందనుకోవడం సరికాదు. ఎవరు మంచివారో తెలియనప్పుడు చవకైనవాడి వైపు మొగ్గడం ఎవరైనా చేసేదే. పైగా పోటీ పెరుగుతోంది. మన దేశంలో 2020-21 నాటికి 77 లక్షల మంది గిగ్ పనివాళ్లున్నారనీ, 2029-30 నాటికి వాళ్ల సంఖ్య 2.35 కోట్లు కావచ్చనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా కట్టింది. డెలివరీ చేసేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు కూడా ఈ లెక్కలో ఉన్నారు. కానీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద చేసే పనులకూ గుంపు పెరుగుతున్న మాట నిజం. గుంపు పెరిగేకొద్దీ ఎంచుకునేవాడి అయోమయమూ పెరుగుతుంది.

మరి తెలుగు రాని క్లయింటు అనువాదకుణ్ని దేన్ని బట్టి అంచనా వేస్తాడు? తన కళ్లకు ఆనేవాటిని బట్టి. ఒక బ్యాంకు యాప్ తెలుగులోకి వస్తోందనుకుందాం. అనువాదకుడికి ఎక్సెల్ ఫైలులో కొన్ని వందల ముక్కలు వరసగా వస్తాయి. ఏ ముక్క ఏ స్క్రీన్ మీద, ఏ బటన్‌లో కూర్చుంటుందో తరచుగా అందులో ఉండదు. ఒకరు గడువు లోపల ఫైలు నింపి పంపేస్తారు. ఇంకొకరు మొదటి రోజే ప్రశ్నల జాబితా పంపుతారు: ఈ వాక్యం ఖాతాదారుకు కనబడేదా, బ్యాంకు సిబ్బందికా? ఈ బటన్‌లో ఎన్ని అక్షరాలు పడతాయి? ఖాతాదారును అంతటా 'మీరు' అనే అంటున్నాను, సరేనా? పనంతా అయ్యాక స్క్రీన్‌షాట్లు తెప్పించుకుని మరీ చూస్తారు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు సరిపెట్టిన వరుస ఎత్తులో మన ఒత్తులు అడుగున తెగిపోతుంటాయి. 'ఖాతా' నిక్షేపంలా కనబడుతుంది, 'చెల్లింపు'లో కింది ఒత్తు సగం మాయమవుతుంది. తెలుగు చదవలేని ఇంజినీరు కంటికి అది ఎన్నటికీ ఆనదు. అనువాదకుడు ఆ చోట ఎర్రగా సున్నా చుట్టి, వరుస ఎత్తు కాస్త పెంచమని రెండు వాక్యాలు రాసి పంపుతాడు. ఆ లోపం అనువాదానిది కాదు, ఆ సాయానికి బిల్లూ లేదు. కానీ ఆ మెయిల్‌తో క్లయింటుకు ఒక సంగతి తెలిసింది: తాను చూడలేని చోట తన తరఫున చూసే మనిషి దొరికాడు. వాక్యాలు ఎంత సొంపుగా కుదిరాయో అతనికి ఇప్పటికీ తెలియదు. అయినా తర్వాతి ఫైలు ఈ మనిషికే వెళ్తుంది. పాత పుస్తకాలను అను ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే డీటీపీ ఆపరేటర్ల సంగతీ అంతే. మార్పిడిలో కొన్ని సంయుక్తాక్షరాలు చెడతాయని వాళ్లందరికీ తెలుసు. ఏయే పేజీల్లో చెడ్డాయో, ఎన్ని తాను దిద్దాడో, ఎన్ని ప్రచురణకర్త చూసుకోవాలో రాసిచ్చే ఆపరేటర్ దగ్గరికే రెండో పుస్తకం వస్తుంది.

ఇదంతా పని దొరికాక మాట, అసలు దొరకాలంటే రేటు తగ్గించక తప్పదు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే రేటు తగ్గిస్తే క్లయింటుకు ఖర్చు తగ్గుతుంది తప్ప భయం తగ్గదు. మరీ తక్కువ చెబితే ఇంత చవకగా ఎలా చేస్తాడన్న అనుమానం కూడా తోడవుతుంది. తగ్గించాల్సింది రేటు కాదు, మొదటి పని పరిమాణం. పుస్తకమంతా కాకుండా ఒక అధ్యాయం ఇవ్వండి, పూర్తి రేటుకే చేస్తాను, నచ్చకపోతే అక్కడితో ఆపేయండి అని చెబితే ఇద్దరికీ పోయేది తక్కువ. ఉచితంగా నమూనా చేసిపెట్టడం కన్నా ఇది మేలు. పది పంక్తుల నమూనా ఎవరైనా అద్భుతంగా చేయగలరు. డబ్బు తీసుకుని, గడువు లోపల, చెప్పిన పద్ధతిలో ఒక అధ్యాయం అందించినప్పుడే అసలు మనిషి బయటపడతాడు. బిడ్ల మీదే నడిచే వెబ్‌సైట్లకు కూడా పాత క్లయింటు విలువ తెలుసు. అప్‌వర్క్ 2016 నుంచి 2023 దాకా ఒకే క్లయింటుతో చేసిన పనిలో మొదటి 500 డాలర్లకు 20 శాతం, ఆపైన 10,000 డాలర్ల వరకు 10 శాతం, దాన్ని మించితే 5 శాతం కమీషన్ తీసుకుంది. 2023లో అందరికీ 10 శాతం చేసింది. ఆ పాత పద్ధతిలో 500 డాలర్ల పనికి కొత్త క్లయింటు దగ్గర 100 డాలర్లు పోతే, బాగా పాతబడిన క్లయింటు దగ్గర 25 డాలర్లే పోయేవి. క్లయింటూ ఫ్రీలాన్సరూ కలిసి వెబ్‌సైట్ దాటి పోకుండా ఆపే ఆలోచన కూడా అందులో ఉంది. ఏమైనా, చిన్న చిన్న పనుల కోసం ప్రతిసారీ కొత్తవాళ్ల వెంట పరుగెత్తినవాళ్లు తమ రాబడిలో అయిదో వంతు వదులుకుంటూ బతికారన్నది లెక్క చెప్పే నిజం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. పనులు పరిచయాల మీద వస్తాయి, చిన్న ఊళ్లో పుట్టి, పేరున్న కాలేజీలో చదవనివాడికి పరిచయాలెక్కడివి? 1973లో అచ్చయిన తన వ్యాసం కోసం సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ దగ్గరి న్యూటన్‌లో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను అడిగి చూశాడు. ఆ కబురు చెప్పిన మనిషిని తరచుగా కలుస్తుండేవాళ్లు నూటికి సుమారు 17 మందే. 56 మంది అప్పుడప్పుడు కలిసేవాళ్లు, 28 మంది ఎప్పుడో గాని కలవనివాళ్లు. దగ్గరి స్నేహితులకు తెలిసినవి చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. ఇది ఊరటనిచ్చే మాటే కానీ పూర్తి జవాబు కాదు. ముఖపరిచయాలు కూడా చదివిన కాలేజీని బట్టి, పుట్టిన కులాన్ని బట్టి, పెరిగిన నగరాన్ని బట్టి వస్తాయి. ఈ వివక్షను కాదనడం అబద్ధమవుతుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలామటుకు దీన్ని దాటేసి వెళ్లిపోవడం నాకు నచ్చదు. అయినా పని ద్వారానే పరిచయాలు పెంచుకునే దారి ఒకటి ఉంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరి కృషి ఎంతో చరిత్ర పేజీల్లో అందరికీ కనబడుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల తెలుగు అనువాదాల్లోనూ అంతే. అక్కడ మన దిద్దుబాట్లు చూసిన అపరిచితుడే రేపు ఎవరైనా అనువాదకులు తెలుసా అని అడిగినవాళ్లకు మన పేరు చెబుతాడు. అతనికి మన ఇంటిపేరుతో నిమిత్తం లేదు. పని ముగించాక క్లయింటునూ అడగాలి: మీకు తెలిసినవాళ్లకు ఇలాంటి అవసరం ఉంటే నా పేరు చెబుతారా? మొహమాటంతో చాలామంది ఇది అడగరు. అడగనిదే అమ్మైనా పెట్టదు.

ఇక నిలబెట్టుకోవడం. కొత్తొక వింత, పాతొక రోత అన్నట్టు, పని నిలకడ కాగానే పాత క్లయింటు మెయిల్‌కు జవాబు రెండో రోజుకు, మూడో రోజుకు జారుతుంది. సంబంధాలు తెగేది పెద్ద తప్పుల వల్ల కాదు, మౌనం వల్ల. శుక్రవారం ఇస్తానన్న పని ఆ రోజుకు కాదని బుధవారమే మనకు తెలిసిపోతుంది. బుధవారం చెబితే క్లయింటు తన పై అధికారికి చెప్పుకోగలడు, విడుదల తేదీ సర్దుకోగలడు. శుక్రవారం రాత్రి చెబితే ఏమీ చేయలేడు. ఆలస్యం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే, కానీ ఒకదానిలో అతని పరువు నిలుస్తుంది, మరొకదానిలో పోతుంది. చెడు కబురు తొందరగా చెప్పడానికి గుండె నిబ్బరం కావాలి. ఫ్రీలాన్సర్ అలవరచుకోవాల్సిన గుణాల్లో దీన్నే నేను మొదట చెబుతాను. రానిదాన్ని రాదని, ఖాళీ లేనప్పుడు లేదని చెప్పడం దాని తర్వాతే. కాదన్న సందర్భాలు చూసినవాడికే మన అవును మీద గురి కుదురుతుంది.

అలాగని క్లయింటును కాపాడుకోవడమంటే ఆడించినట్టల్లా ఆడటమా? కానే కాదు. ఎంత పని, ఎన్నిసార్లు దిద్దుబాట్లు, ఎప్పుడు ఎంత డబ్బు అన్నది ముందే రాతలో ఉంటే గొడవలకు సందు తగ్గుతుంది. రాసుకుందాం అంటే నొచ్చుకునే క్లయింటు బిల్లు దగ్గరా నొచ్చుకుంటాడు. చట్టం కొంత అండగా ఉందని కూడా చాలామందికి తెలియదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సేవాసంస్థకు, అది ఒక్క మనిషిదే అయినా, ఒప్పందంలో ఏమున్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. విదేశీ క్లయింట్ల మీద ఈ చట్టం పనిచేయదు కాబట్టి అక్కడ అడ్వాన్సే రక్ష. ఒక్క క్లయింటు మీదే రాబడి అంతా ఆధారపడితే మాత్రం అది ఫ్రీలాన్సింగ్ కాదు, సెలవులూ పీఎఫూ లేని ఉద్యోగం. బిల్లులు పదే పదే ఎగ్గొట్టేవాణ్ని, మాట తూలేవాణ్ని వదులుకోవడం కూడా మిగతా క్లయింట్లను నిలబెట్టుకోవడంలో భాగమే. అతనికి పోసే సమయం వాళ్లది.

యంత్రం సంగతేమిటని అడిగేవాళ్లకు సూటిగా చెప్పాలి. 2017లో గూగుల్ న్యూరల్ అనువాదాన్ని తెలుగుకు తెచ్చినప్పటి నుంచి సాదా పనులు తగ్గుతూ వస్తున్నాయి, ఉన్న పనులు కూడా యంత్రం రాసినదాన్ని దిద్దే పనులుగా మారి రేట్లు పడుతున్నాయి. కొందరు క్లయింట్లు వెళ్లిపోతారు, వాళ్లను ఏ మంచితనమూ ఆపలేదు. కానీ తెలుగు రాని క్లయింటు పాత చిక్కు అలాగే ఉంది, ఇంకా ముదిరింది కూడా. ఇప్పుడు తప్పు వాక్యం కూడా నున్నగా వస్తుంది. బీమా పత్రంలో 'వర్తించదు' అన్నది 'వర్తిస్తుంది' అయితే నష్టపోయేది పాలసీదారు, కోర్టుకెక్కేది కంపెనీ. నేను చదివాను, ఇది సరిగ్గా ఉంది అని పేరు పెట్టి సంతకం చేసే మనిషి అవసరం అక్కడ పోలేదు.

మీ మెయిల్‌లో వెనక్కి వెళ్లి చూడండి. ఒకసారి పని ఇచ్చి, బాగుందని చెప్పి, మళ్లీ కనబడని వాళ్లు కొందరుంటారు. చాలామంది మీ మీద కోపంతో పోలేదు, మీరు గుర్తుకు రాక ఊరుకున్నారు. ఈ వారం వాళ్లలో ఒకరికి రాయండి. పని అడగవద్దు. మీరు చేసిపెట్టిన పేజీనో యాప్‌నో ఒకసారి తెరిచి, ఇన్నాళ్లలో అందులో చెడినదీ పాతబడినదీ ఏదైనా ఉంటే ఫలానా చోట ఇది మార్చుకోండని చెప్పండి.