తల నిలవని పాము: సత్త వణిజ్జ మీద ఒక పాఠం

సమ్మా ఆజీవం, అంటే సరైన బతుకుదెరువు, గురించి మాట మొదలవగానే మనవాళ్ళు ముందు కల్లు దుకాణాన్నీ మటన్ కొట్టునీ వేలెత్తి చూపిస్తారు. చూపించటం తేలిక. అక్కడ కూచునేవాడు సాధారణంగా మనలాంటి పేదవాడే కాబట్టి. ఏసీ గదుల్లో, గాజు పెట్టెల మధ్య, చేతికి నెత్తురంటకుండా సాగే వ్యాపారం మాత్రం ఎవరి కంటా పడదు. ఈ పాఠంలో అలాంటి ఒకదాన్ని పట్టుకుందాం. అమెరికాలో, యూరప్‌లో బాగా పెరిగిన వ్యాపారం అది. పాముల్ని అందం కోసం పుట్టించే వ్యాపారం.

అంగుత్తర నికాయంలో ఉపాసకుడు చేయకూడని ఐదు వర్తకాలు చెప్పారు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. రెండోదాన్ని పాళీలో సత్త వణిజ్జ అంటారు. పాత అట్టకథ దీనికి 'మనుషుల్ని అమ్మటం' అని అర్థం చెప్పింది. కాబట్టి జంతువుల వ్యాపారం ఇందులోకి రాదని వాదించేవాళ్ళున్నారు. కానీ 'సత్త' అంటే ప్రాణి. బతికున్నది, బాధ తెలిసేది. ఆ మాటనే పట్టుకుని ముందుకు పోదాం.

బాల్ పైథాన్ అనేది పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఉండే చిన్న జాతి కొండచిలువ. మూడు నుంచి ఐదు అడుగులు ఉంటుంది. విషం లేదు. భయమేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అందుకే వచ్చింది. ఆడది నాలుగైదు గుడ్లు పెట్టి, వాటి చుట్టూ చుట్టుకుని రెండు నెలల దాకా కదలదు. ఇంట్లో పెంచితే ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో 2020లో ఒక బాల్ పైథాన్ ఏడు గుడ్లు పెట్టింది. దాని వయసు అరవై దాటిందని జూ వాళ్ళ లెక్క. ఈ వయసు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

బెనిన్ దేశంలో ఉయిదా అనే పట్టణం ఉంది. అక్కడ ఈ పాములకు గుడి ఉంది. ఇంట్లోకి పాము వస్తే కొట్టరు, జాగ్రత్తగా తీసుకెళ్ళి గుడిలో వదులుతారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి, మర్నాడు ఇంటి వెనక పాము కనిపిస్తే కర్ర అందుకునే మనకంటే వాళ్ళు నయం. ఇదే ఉయిదా ఒకప్పుడు మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించిన పెద్ద రేవు కూడా. అట్టకథ చెప్పిన అర్థంలోనే సత్త వణిజ్జ జరిగిన చోటు. ఇప్పుడు అదే తీరం నుంచి, ఘానా, టోగో, బెనిన్ దేశాల నుంచి, పాములు పోతున్నాయి. 1975 నుంచి పశ్చిమ ఆఫ్రికా ఎగుమతి చేసిన బాల్ పైథాన్‌లు 30 లక్షలకు పైనే.

అడవిలో ఇది గోధుమ, నలుపు రంగు మచ్చలతో ఉంటుంది. ఎప్పుడో ఒకటి వేరే రంగుతో, వేరే చారలతో పుడుతుంది. అలాంటిదాన్ని పట్టి, దాని జన్యువు పిల్లల్లోకి దిగేలా జతకట్టించి అమ్ముతారు. ఈ రకాల్ని 'మార్ఫ్'లు అంటారు. వాటిలో బాగా పేరుపడింది 'స్పైడర్'. బంగారు రంగు ఒంటి మీద సాలెగూడు దారాల్లా సన్నటి నల్ల గీతలు. చూడటానికి అందమైందే, అందులో సందేహం లేదు. మొదటి స్పైడర్ పాము 1999లో ఆఫ్రికా నుంచి అమెరికా చేరింది. మొదట్లో దాని పిల్లలు వేల డాలర్లు పలికాయి.

ఈ రకం పాముల్లో తల నిలవదు. కొన్నింటిలో కొంచెం వణుకుతుంది, అంతే. కొన్నింటిలో తల మెలితిరిగి పైకప్పు వైపు పోతుంది. ఎలుకను పట్టబోతే దెబ్బ పక్కకు పోతుంది. వెల్లకిలా తిప్పితే మామూలు పాము వెంటనే బోర్లా తిరుగుతుంది, దీనికి ఆ సంగతే అందదు. భయపడినప్పుడూ, తిండి ముందు ఆత్రపడినప్పుడూ ఇంకా ఎక్కువవుతుంది. పెంపకందార్లు దీన్ని 'వాబుల్' అని ముద్దుగా పిలుస్తారు. చాంపేన్, వోమా లాంటి మరికొన్ని మార్ఫ్‌లలోనూ ఇది ఉంది.

చాలా ఏళ్ళు దీన్ని 'అలవాటు' అన్నారు, 'పెంచటం రాక వచ్చింది' అన్నారు. 2022లో జర్మనీ పరిశోధకులు సూక్ష్మ సీటీ స్కాన్‌తో స్పైడర్ పాముల లోపలి చెవిని చూశారు. ఆ వివరాలు 'ప్లోస్ వన్' పత్రికలో వచ్చాయి. మన చెవిలో లాగే పాము లోపలి చెవిలో కూడా తల ఎటు తిరిగిందో చెప్పే మూడు అర్ధవలయ నాళాలు, కింద ఒక చిన్న సంచి ఉంటాయి. స్పైడర్ పాముల్లో ఆ నాళాలు వెడల్పై వికారంగా ఉన్నాయి, సంచి చిన్నదైపోయింది. మామూలు రంగు పాముల్లో ఆ లోపం లేదు. తిరిగే గిలక మీద నుంచి దిగిన పిల్లాడికి నేల ఎలా ఊగుతుందో మీకు తెలుసు. ఆ పాముకు లోపల ఏమనిపిస్తుందో మనం దాని నోట వినలేం. పైకెటో కిందెటో చెప్పే అవయవమే సరిగా తయారు కాలేదని మాత్రం స్కాన్ చెబుతోంది.

రంగుకీ చెవికీ సంబంధమేంటి అనిపించవచ్చు. నీలికళ్ళ తెల్లపిల్లులు చెవిటివని డార్విన్ 1859లోనే రాశాడు. అన్నీ కాదు గానీ చాలా పిల్లుల విషయంలో అది నిజమని తర్వాత తేలింది. రంగు కణాలు చర్మానికే పరిమితం కావు, లోపలి చెవిలోనూ వాటికి పని ఉంది. ఒంటి మీద గీతను మార్చిన జన్యువు ఒంట్లో ఇంకోచోట కూడా చెయ్యి పెడుతుంది. స్పైడర్ వచ్చి పాతికేళ్ళు దాటింది. ఎన్ని మామూలు పాములతో కలిపినా గీతల నుంచి వణుకును ఎవరూ విడదీయలేకపోయారు. ఇది బహిర్గత జన్యువు కాబట్టి స్పైడర్‌ను మామూలు పాముతో కలిపితే సగటున సగం పిల్లలు స్పైడర్‌లే. రెండు స్పైడర్‌లను కలిపితే, రెండు వైపులా ఆ జన్యువు అందిన పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుందని ఎక్కువమంది పెంపకందార్ల నమ్మకం.

"ఆ పాము తింటోంది, పెరుగుతోంది, పిల్లల్ని కంటోంది. బాధ ఎక్కడుంది?" అనేది వాళ్ళ వాదన. నిజమే, తింటుంది. ఒకప్పుడు జమీందారు కూడా తన పాలేరు గురించి ఇదే చెప్పేవాడు. ఇంకో వాదన కాస్త గట్టిది. మొదటి పాము ఆఫ్రికాలోనే కదా అలా పుట్టింది, ప్రకృతి చేసినదానికి మమ్మల్నెందుకు అంటారు, అని. ఇక్కడే ధమ్మం పనికొస్తుంది.

సంయుత్త నికాయంలో మోళియ శీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుడి దగ్గరకొచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వ కర్మ వల్లే వస్తాయని కొందరంటున్నారు, మీరేమంటారు అని అడుగుతాడు. బుద్ధుడు ఒప్పుకోడు. పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, ఋతువు మారటం వల్ల కూడా బాధ వస్తుందనీ, అది ఎవరికి వాళ్ళు చూసి తెలుసుకోదగ్గదేననీ చెబుతాడు. కాబట్టి ఆ మొదటి పాము తల వణికిందంటే అది దాని పూర్వజన్మ పాపం కాదు. ఎవరి తప్పూ కాదు. జన్యువులో వచ్చిన ఒక మార్పు. మనలో ఇప్పటికీ అంగవైకల్యంతో పుట్టిన బిడ్డను చూసి 'ఏం పాపం చేసిందో' అనేవాళ్ళున్నారు, ఈ సుత్తం ముందు వాళ్ళకు చదివి వినిపించాలి.

మొదటిది అలా పుట్టింది. రెండోది, మూడోది, వెయ్యోది మాత్రం ఒక మనిషి రెండు పాముల్ని ఎంచి ఒక పెట్టెలో వేస్తేనే పుట్టాయి. పిల్లల్లో సగానికి తల నిలవదని తెలిసే వేశాడు. చేతనే కర్మ అని బుద్ధుడు చెప్పింది ఇలాంటి చోటే వర్తిస్తుంది. కర్మ ఉంటే అది పెట్టె మూత తీసిన చేతిది, పాముది కాదు.

ఉదానంలో ఒక చిన్న ఘట్టం ఉంది. శ్రావస్తికీ జేతవనానికీ మధ్య దారిలో పిల్లలు ఒక పామును కర్రతో కొడుతుంటే బుద్ధుడు చూస్తాడు. ఆ పిల్లలది ద్వేషమో, భయమో, ఆటో. మన పెంపకందారుది అది కాదు. అతనికి పామంటే ఇష్టం. పేరు పెడతాడు, వేడి సరిగా ఉందా అని రాత్రి లేచి చూస్తాడు. దోసం లేదు, లోభం ఉంది. అందుకే అతనికి తన పని హింసగా కనిపించదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో చంపాలన్న కోరికనూ చంపాల్సిన అవసరాన్నీ వేరు చేసి చూశారు. ఆ కొలత ఇక్కడ పెట్టి చూడండి. ఆకలి లేదు, ప్రాణభయం లేదు, పంట నష్టం లేదు. గీతలు బాగున్నాయి, అంతే.

జర్మనీ జంతు సంరక్షణ చట్టంలో 11బీ అనే సెక్షన్ ఉంది. పుట్టే పిల్లలకు బాధ, హాని తప్పవని ముందే ఊహించగలిగినప్పుడు అలా జతకట్టించటాన్ని అది నిషేధిస్తుంది. బ్రిటన్‌లో సరీసృపాల పెంపకందార్ల సంఘమే 2018 నుంచి తన ప్రదర్శనల్లో స్పైడర్ పాముల అమ్మకాన్ని ఆపేసింది. ప్రభుత్వం చెప్పకముందే పెంచేవాళ్ళే ఆ పని చేశారు, మెచ్చుకోవాలి.

ఇది మనకు మరీ దూరమేం కాదు. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు వచ్చిన విమానంలో పెట్టెలు తెరిస్తే 55 బాల్ పైథాన్‌లు బయటపడ్డాయి. కొనేవాడు ఇక్కడ ఉంటేనే కదా అవి వచ్చాయి. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించారు. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవుల్ని ఇంట్లో ఉంచుకునేవాళ్ళు నమోదు చేయించుకోవాలి.

ఎవరి దగ్గరైనా ఇప్పటికే తల వణికే పాము ఉంటే, జాలిపడి అడవిలో వదలకండి. ఈ దేశపు అడవి దానిది కాదు, వేట దానికి రాదు. చంపనూ వద్దు. దాన్ని ఇంకోదానితో కలపకుండా ఉంచండి. పెట్టెలో ఎత్తైన కొమ్మలు తీసెయ్యండి, ఊరికే చేతుల్లోకి తీసుకుని ఆడించకండి, మేతను పట్టకారుతో నోటికి దగ్గరగా అందించండి. వణుకు మరీ ఎక్కువై తిండి అందుకోలేకపోతే పశువైద్యుడికి చూపించండి. ఇరవై ఏళ్ళు చేయాల్సిన పని ఇది.

చర్చావేదికలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మన వాడలో పాములు పెంచేదెవరండీ?" అని. వాళ్ళను హచ్ కుక్క గురించి అడగండి. 2003లో ఆ ఫోన్ ప్రకటన వచ్చాక పగ్ కుక్క ప్రతి వీధికీ చేరింది. ముక్కు లోపలికి నొక్కుకుపోయేలా తరతరాలుగా ఎంచి ఎంచి పుట్టించిన జాతి అది. ఎండాకాలం మధ్యాహ్నం దాని పక్కన కూచుని అది ఊపిరి తీసుకునే చప్పుడు వినమనండి, ఆ తర్వాత చర్చ మొదలుపెట్టండి.